కాలేయమును, పుట్టగొడుగులును

గత వర్షకాలమున ఒకనాటి సాయంకాలము, బడి విడిచిన పిమ్మట, ఎనిమిదవ తరగతి విద్యార్థి యొకడు తన తండ్రిని వెంటబెట్టుకొని విజ్ఞానశాస్త్రపు గదికి వచ్చెను. ఆ తండ్రి చేతిలో ఒక పొట్లము కలదు. అందు గోధుమరంగు పొడి యున్నది.

"మేష్టరుగారూ! మా అన్నయ్యకు పదిరోజులనుంచి కామెర్లు. కళ్లు పసుపుముద్దల్లా ఉన్నాయి. సంతలో ఒకాయన ఈ పొడి ఇచ్చాడు. చీనాదేశపు పుట్టగొడుగట. నెలరోజులు తాగితే కార్జం కడిగినట్టవుతుందన్నాడు. పొట్లం మీద ఒక్క తెలుగక్షరం లేదు. మావాడు ఒడియా కూడబలుక్కుని చదివాడు గాని, వాడికీ బోధపడలేదు. ఇది తాగించవచ్చునాండీ?" అని ఆయన అడిగెను.

"అయ్యా, పొడి సంగతి తరువాత చూతము. ముందు మీ అన్నగారిని ప్రభుత్వ వైద్యశాలకు తీసికొనిపోయి రక్తపరీక్ష చేయించండి" అని చెప్పి పంపితిని. ఆయన వెళ్లెను గాని ఆయన ప్రశ్న నన్ను విడువలేదు. అది పరిహసింపదగిన ప్రశ్న కాదు. పుట్టగొడుగులలో కాలేయమును కాపాడు గుణము కలదా యని పలుదేశముల శాస్త్రజ్ఞులు నేటికిని పరిశోధించుచున్నారు. అందుచే ఆ తండ్రికి ఆనాడు నిలువుకాళ్లపై చెప్పలేకపోయిన సమాధానమును మన పత్రిక మూలమున విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుగులో విన్నవించుచున్నాను.

పుట్టగొడుగు అనగా నేమి?

తొలకరి జల్లులకు చెదపుట్టలపై గొడుగులవలె లేచునది గనుక మనవారు దీనికి పుట్టగొడుగు అని పేరిడిరి. ఈ పేరు వట్టి పోలికచే వచ్చినది కాదు. చెదపురుగులు పుట్టలోపల ఒక జాతి శిలీంధ్రమును తోటవలె పెంచుకొని దానిని తినును. వానలు పడగనే ఆ శిలీంధ్రమే పుట్టను చీల్చుకొని పైకి వచ్చును. శాస్త్రజ్ఞులు పిమ్మట కనుగొనిన సంబంధమును మన భాష తన పేరులోనే దాచుకొన్నది.

తినరాని వానిని మనము కుక్కగొడుగు లందుము. తమిళులు నాయ్‌క్కుడై యందురు. కన్నడిగులు నాయికొడె యందురు. మహారాష్ట్రులు కుత్ర్యాచీ ఛత్రీ యందురు. అన్నిటి యర్థమును కుక్కగొడుగే! ఇరుగుపొరుగు భాషలు నాలుగును ఒకే మాటతో పిల్లలను హెచ్చరించుచున్నవి. ఒడియావారు పుట్టగొడుగును ఛతు అందురు. వరిగడ్డిపై పెంచు పాళ ఛతు మన యంగళ్లలో అందరు ఎరిగినదే.

పుట్టగొడుగు మొక్క కాదు. దానికి పత్రహరితము లేదు. సూర్యరశ్మితో ఆహారమును వండుకొనజాలదు. 1969లో విట్టేకర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు జీవరాశిని ఐదు రాజ్యములుగా విభజించి, శిలీంధ్రములకు మొక్కలనుండి వేరైన రాజ్యము నొసగెను. మనకు కనబడు గొడుగు కేవలము ఫలమువంటిది. అసలు జీవి మన్నులోనో, మ్రానులోనో సన్నని దారములవలె వ్యాపించి యుండును. ఆ దారములు చుట్టునున్న సూక్ష్మజీవులతో నిత్యము పోరాడుచు, ఆత్మరక్షణకై అనేక రసాయనములను తయారుచేయును. వానిలో కొన్ని మనకు విషములు, కొన్ని ఔషధములు. 1928లో ఫ్లెమింగు కనుగొనిన పెన్సిలిన్ ఇట్టి శిలీంధ్రము ప్రసాదించినదే.

కాలేయము చేయు పని

కాలేయము మన ఉదరమునకు కుడివైపున, ప్రక్కటెముకల మాటున నుండును. ఎదిగిన మనుష్యునిలో దాని తూకము సుమారు ఒకటిన్నర కిలోగ్రాములు. శరీరము లోపలి అవయవములలో ఇదియే పెద్దది. ప్రేగులలో జీర్ణమైన ఆహారసారమును మోసికొనివచ్చు రక్తము నేరుగా గుండెకు పోదు. అది ముందుగా కాలేయముగుండా ప్రవహింపవలయును. ఊరి పొలిమేరలోని సుంకపు ఠాణావంటిది కాలేయము. వచ్చిన సరకును పరీక్షించి, చక్కెరను కొంత నిలువచేసి, విషపదార్థములను విరిచి, పిదపనే రక్తమును ముందునకు పంపును. పైత్యరసమును ఊరించుట, గాయమైనప్పుడు రక్తము గడ్డకట్టుటకు కావలసిన మాంసకృత్తులను తయారుచేయుట కూడ దాని పనులే.

దీనికి మరియొక విశేష గుణము కలదు. 1931లో హిగ్గిన్సు, ఆండర్సను అను ఇరువురు ఎలుకల కాలేయములో మూడింట రెండువంతులు కోసివేసి చూచిరి. కొలది దినములలోనే మిగిలిన భాగము పెరిగి మునుపటి పరిమాణమును పొందెను. తనను తాను బాగుచేసికొను ఈ శక్తిని మరువరాదు. మన కథకు ఇదియే కీలకము.

రక్తములోని ఎర్రకణములు కాలము తీరి విరిగినప్పుడు పసుపుపచ్చని పదార్థ మొకటి పుట్టును. కాలేయము దానిని పైత్యరసముతో బయటికి పంపును. కాలేయము జబ్బుపడిన, ఆ పసుపు రక్తములోనే నిలిచి కన్నులలోను, చర్మముపైనను కానవచ్చును. దానినే కామెర్లందుము. కావున కామెర్లు రోగము కాదు, రోగచిహ్నము. జ్వరము వంటిదే ఇదియు, కారణములు పెక్కు. కలుషితమైన నీటివలన వచ్చు ఎ, ఇ తరగతుల వైరసులు; రక్తము ద్వారా సోకు బి, సి తరగతుల వైరసులు; మద్యము; కొన్ని మందులు; పిత్తాశయములోని రాళ్లు — వీనిలో ఏదైనను కావచ్చును. కారణము తెలియక ఇచ్చు మందు చీకటిలో విసరిన రాయి.

చంపు పుట్టగొడుగు

రక్షించు పుట్టగొడుగులను చెప్పుటకు ముందు చంపువానిని చెప్పవలెను. యూరపు ఖండమున అమనీటా ఫాల్లాయిడీసు అను జాతి కలదు. దానికి అక్కడివారు మృత్యువు టోపీ యని పేరిడిరి. చూచుటకు ఇంపుగానుండును, తిన్నవారు రుచిగానే యున్నదని చెప్పుదురు. ప్రపంచమున పుట్టగొడుగుల వలన కలుగు మరణములలో అత్యధికము ఈ జాతివలనను, దీని బంధువులవలనను కలుగుచున్నవే. అందలి విషమునకు అమానిటిన్ అని పేరు. కాలేయకణము మాంసకృత్తులను తయారుచేయుటకు అవసరమైన ఆజ్ఞాపత్రములను వ్రాయు యంత్రమును ఈ విషము ఆపివేయును. ఆజ్ఞలు లేని కార్యాలయమువలె కణము స్తంభించి నశించును.

ఇందలి మోసమును గమనింపుడు. తిన్న వెంటనే ఏమియు తెలియదు. ఆరు మొదలు ఇరువదినాలుగు గంటల పిమ్మట వాంతులు, విరేచనములు పట్టుకొనును. తరువాత ఒకటి రెండు దినములు రోగి తేరుకొన్నట్లు కనబడును. ఇంటివారు గండము గడచినదని సంతోషింతురు. సరిగా ఆ సమయముననే కాలేయము లోలోపల చచ్చుచుండును. ఈ విషము ఉడికించినను, ఎండబెట్టినను పోదు. వెండి కాసు నల్లబడిన విషము, వెల్లుల్లి రంగు మారిన విషము, పురుగు తిన్నది మంచిది అను పరీక్షలన్నియు వట్టివి. మన దేశమునను 2022 ఏప్రిలు మాసమున అస్సాము రాష్ట్రములో అడవి పుట్టగొడుగులను తిని పలువురు ప్రాణములు కోల్పోయిరి.

కాచు పుట్టగొడుగు

ఇక సంతలోని పొడి మాట. చీనావారు లింగ్‌జీ యనియు, జపానువారు రీషి యనియు పిలుచునది గానోడెర్మా యను జాతికి చెందినది. ఇది గొడుగువలె మెత్తగా నుండదు. చెట్టు మొదట లక్కపూసిన చెక్కవలె గట్టిగా నుండును. చీనాదేశపు ప్రాచీన ఔషధ గ్రంథములలో దీనికి గొప్ప గౌరవము కలదు. మన గోదావరి జిల్లాల కొబ్బరి రైతులకు మాత్రము గానోడెర్మా యనిన గుండెదడ. దీని బంధువులే కొబ్బరిచెట్టు వేళ్లను, మొదలును కుళ్లింపజేసి గానోడెర్మా తెగులును కలిగించును. ఒక దేశమున మందుగా పూజింపబడు జాతి, మరియొకచోట తోటకు తెగులు!

ఈ పుట్టగొడుగునుండి శాస్త్రజ్ఞులు ముఖ్యముగా రెండు విధముల పదార్థములను వేరుచేసిరి. మొదటివి బీటా గ్లూకానులు అను పొడవైన చక్కెర గొలుసులు. ఇవి శరీరపు రక్షకదళమును మేల్కొల్పునని తలంతురు. రెండవవి గానోడెరిక్ ఆమ్లములు. ఆ చేదునకు కారణము ఇవియే. వీనికి కాలేయమును కాచు శక్తి కలదేమో యని చుంచెలుకలపై పరీక్షలు చేసిరి. అట్టి పరీక్షలలో తరచుగా వాడునది కార్బన్ టెట్రాక్లోరైడు అను ద్రవము. కాలేయము ఆ ద్రవమును విరువబోయి, అంతకన్న క్రూరమైన పదార్థమును పుట్టించి, తన చేతులనే కాల్చుకొనును. కణములు పగిలిన, వాని లోపలి ఎంజైములు రక్తములోనికి కారును. వాని పరిమాణమును కొలిచి నష్టమెంతయో తెలిసికొందురు. వైద్యశాలలో మనకు చేయు కాలేయపు రక్తపరీక్షయు ఈ సూత్రముపైననే ఆధారపడినది. పెక్కు ప్రయోగములలో, రీషి సారమును ముందుగా త్రాగించిన ఎలుకలకు ఈ ఎంజైములు తక్కువగా పెరిగినవి. జపానువారి శీతాకే మొదలైన ఇతర జాతులతోను ఇట్టి ఫలితములు వచ్చినవి.

ఇది ఆశ కలిగించు వార్తయే. కాని ఎలుకనుండి మనుష్యునికి దారి దీర్ఘమైనది. ప్రయోగశాలలో ఎలుకకు తరచుగా విషమునకు ముందే మందునిత్తురు. మన రోగి కామెర్లు వచ్చిన పదవనాడు మందు వెదకును. ఎలుకకు దెబ్బ రసాయనమువలన తగిలినది. మన రోగికి వైరసు వలన. ఎలుకకు ఇచ్చిన సారము కొలిచి ఇచ్చినది. సంతలోని పొట్లములో ఏమున్నదో అమ్మినవానికే తెలియదు. పుట్టగొడుగులు మన్నులోని సీసము, కాడ్మియము వంటి లోహములను పీల్చుకొను స్వభావము కలవి. అన్నిటికంటె విచారింపదగినది మరొకటి కలదు. హాంకాంగులోను, థాయిలాండులోను రీషి పొడిని వాడిన పిమ్మట కాలేయమే దెబ్బతిన్న రోగుల వృత్తాంతములు వైద్యపత్రికలలో ప్రకటింపబడినవి. అట్టివారు కొలదిమందియే కావచ్చును. అయినను కాలేయమును కాచునని కొన్న పొడియే దానిని కాల్చుటయు సంభవమేనని తెలియుచున్నది.

నేల ఉసిరి నేర్పిన పాఠము

"మా ఊళ్లో ఫలానావారికి పసరు పోసిరి, తగ్గినది గదా!" యని కొందరు ప్రశ్నింతురు. తగ్గినమాట నిజమే. ఎ, ఇ తరగతుల కామెర్లు ఆరోగ్యవంతులలో పెక్కుమందికి కొలది వారములలో వాటంతట అవియే తగ్గును. కాలేయము తన్ను తాను బాగుచేసికొనునని పైన చెప్పితిని. మాన్పినది కాలేయము, కీర్తి మాత్రము ఆ వారములో త్రాగిన మందునకు దక్కును. మరి మందు నిజముగా పనిచేసినదని తెలియుట ఎట్లు? ఒకే రోగము కల రెండు గుంపులను తీసికొని, ఒక గుంపునకు మందును, రెండవ గుంపునకు మందువలెనే కనబడు ఉత్త పొడిని ఇచ్చి, ఎందరికి నయమైనదో లెక్కింపవలెను.

మన పెరళ్లలో మొలచు నేల ఉసిరితో మద్రాసు శాస్త్రజ్ఞులు ఇట్టి పరీక్షనే చేసి 1988లో ఫలితములను ప్రకటించిరి. బి తరగతి వైరసు గలవారిలో, మందు త్రాగిన 37 మందిలో 22 మందికి వైరసు చిహ్నము మాయమైనది. ఉత్త పొడి త్రాగిన 23 మందిలో ఒక్కనికి మాత్రమే. లోకమంతయు ఆశ్చర్యపడెను. కాని పిమ్మట ఇతరులు, ఇతర ప్రదేశములలో చేసిన పరీక్షలలో ఆ ఫలితము మరల రాలేదు. మద్రాసువారు మోసగించిరని దీని యర్థము కాదు. ఒక పరీక్ష చాలదు, పలువురు పలుచోట్ల చేసినను అదే ఫలితము రావలయునని దీని యర్థము. నేల ఉసిరికి వర్తించిన న్యాయమే రీషికిని వర్తించును. కాలేయరోగము కల మనుష్యులపై పెద్దయెత్తున, పలుమారులు జరిగి నిలిచిన పరీక్షలు ఇంతవరకు దానికి లేవు.

శిలీంధ్రము మందైన విధము

అట్లని నిరాశ చెందనక్కరలేదు. జపానుదేశపు ఉత్తర భాగమున ఒక రైతుకుటుంబములో 1933లో అకిరా ఎండో అను బాలుడు జన్మించెను. అతనికి చిన్ననాటనుండి పుట్టగొడుగులపై మక్కువ. ఈగలను చంపునదియు, మనుష్యులను చంపనిదియు నగు పుట్టగొడుగు నొకదానిని చూచి, ఇందలి మర్మమేమని ఆలోచించెను. పెద్దవాడై శాస్త్రజ్ఞుడైన పిమ్మట, రక్తములో కొలెస్టరాలును తగ్గించు పదార్థమును శిలీంధ్రములలో వెదకసాగెను. మన శరీరములోని కొలెస్టరాలులో పెద్దభాగము కాలేయములోనే తయారగును. ఎండోయు అతని తోడివారును రెండేండ్లలో సుమారు 6,000 రకముల శిలీంధ్రములను పరీక్షించిరి. 1973లో ఒక నీలిబూజులో కోరిన పదార్థము దొరకెను. ఆ మార్గముననే వచ్చిన స్టాటిన్ మందులు నేడు కోట్లకొలది హృద్రోగులకు ఆధారమైనవి. ఎండో 2024లో పరమపదించెను.

ఈ చరిత్రలో గమనింపవలసిన దొక్కటే. ఎండో బూజును పొడిచేసి పొట్లములు కట్టలేదు. అందలి పదార్థమును వేరుచేసి, తూచి, జంతువులపైనను, పిదప మనుష్యులపైనను మోతాదు నిర్ణయించిన తరువాతనే అది మందైనది. పుట్టగొడుగులలో కాలేయమునకు మందు దాగియుండవచ్చును. దానిని వెలికితీయు పని ఇంకను మిగిలియున్నది. ఈ పంక్తులు చదువుచున్న బాలబాలికలలో ఒకరు రేపు ఆ పనికి పూనుకొనరాదా?

మనము చేయవలసినవి

కాలేయమును కాచు ఉపాయములలో నేడు రుజువైనవి చౌకయైనవే.

త్రాగునీరు కాచి త్రాగవలెను. 1955-56లో ఢిల్లీ నగరమున మురుగు కలసిన నీటివలన సుమారు 29,000 మందికి కామెర్లు సోకినవి. అది ఇ తరగతి వైరసని తరువాత తేలినది. గర్భవతులకు ఈ వ్యాధి ప్రాణాంతకము కాగలదు.

శిశువునకు పుట్టిన ఇరువదినాలుగు గంటలలోపల హెపటైటిస్ బి టీకా వేయించి, పిమ్మట ఆరవ, పదియవ, పదునాల్గవ వారములలో మిగిలిన మోతాదులను మరువక వేయింపవలెను. ప్రభుత్వ వైద్యశాలలలో ఇది ఉచితము.

మద్యమును విడువవలెను. ఒకరికి వాడిన సూదిని మరొకరికి వాడనీయరాదు.

సంతలో దొరకు పెంపుడు పుట్టగొడుగులను నిర్భయముగా వండుకొనవచ్చును. వానిలో క్రొవ్వు బహుస్వల్పము, మాంసకృత్తులు కొంత కలవు. అవి మంచి యాహారము, ఆహారముగానే భావింపవలెను. ఎరుగని అడవి గొడుగులను పిల్లలు ముట్టరాదు. తిని వాంతులైనచో, మిగిలిన ముక్కను వెంటగొని తత్‌క్షణము వైద్యశాలకు పోవలెను. తగ్గినట్లున్నను ఇంటికి తిరిగి రారాదు.

కామెర్లు గల రోగికి మగత, మాట తడబాటు, రక్తస్రావము కనబడిన ఒక్క గడియ ఆలస్యము చేయరాదు. ఏ పొడి వాడుచున్నను వైద్యునికి దాచక చెప్పవలెను. వైద్యునికి మన భాష రానిచో, బడికి పోవు బిడ్డను వెంటబెట్టుకొని పోవుడు. రెండు భాషలు నేర్చిన బిడ్డ ఆ గడియలో ఇంటికి పెద్దదిక్కు.

ఆ తండ్రి మూడువారములకు మరల మా బడికి వచ్చెను. వైద్యశాలలో పరీక్షింపగా అది నీటివలన వచ్చిన కామెరలేనని తేలినదట. విశ్రాంతి, తేలిక యాహారము తప్ప వేరు మందు లేకయే అన్నగారి కన్నులు తెల్లబడినవి. వారి వీధి బావి ప్రక్కనున్న మురుగుకాలువను గ్రామస్థులు మళ్లించిరి. "పొడి తాగించి ఉంటే, పొడివల్లనే తగ్గిందని ఊరంతా చెప్పి ఉండేవాణ్ణండీ!" అని ఆయన నవ్వెను. ఆ పొట్లము ఇప్పటికిని మా విజ్ఞానశాస్త్రపు గదిలో బీరువాపై నున్నది. దానిపై ఒక విద్యార్థి తెలుగులో చీటి యంటించెను: "పరీక్షింపవలసియున్నది."